గని లేని ఉక్కుపై ఏకపక్ష తీర్పు

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని అన్యాయంగా అమ్మజూస్తున్నారని కర్మాగారం దగ్గరి కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కార్మికులు అన్నప్పుడల్లా, అది ఆవేశపు మాటేననీ, నష్టాల సంస్థను వదిలించుకోవడం వ్యాపార ధర్మమనీ బదులిచ్చేవారు 2021 జనవరి 27న నూరు శాతం వాటాల విక్రయానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటి నుంచి ఎక్కువయ్యారు. ఈ వాదన నిలవదు. ఒకే పోటీలో ఉన్నవారికి వేర్వేరు షరతులు పెట్టి, ఫలితాన్ని మాత్రం ఒకే కొలతతో కొలవడం అన్యాయం. అది జరిగిందని చూపడానికి, ఈ కర్మాగారం కోసం సాగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయిన సంగతిని సైతం పక్కన పెట్టి, ముడిసరుకు ఖర్చును చూస్తే చాలు.

బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజాన్ని కోక్‌తో కలిపి కరిగించే కొలిమి, టన్ను ద్రవ ఇనుము ఇవ్వాలంటే ఒకటిన్నర టన్నులకు పైగా ఇనుప ఖనిజం పడుతుంది. టాటా స్టీల్‌కూ, ప్రభుత్వ రంగంలోనే ఉన్న సెయిల్‌కూ సొంత గనులు, అనగా తమ కర్మాగారాల అవసరం కోసం కౌలుకు పొందిన గనులు ఉన్నందున, తవ్వకం ఖర్చు, రాయల్టీ, రవాణా భరిస్తే ఖనిజం చేతికొస్తుంది. విశాఖకు జగ్గయ్యపేటలో సున్నపురాయి, మాధారంలో డోలమైట్ గనులు ఉన్నా ఇనుప గని మాత్రం లేదు గనుక, ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా కొండల ఖనిజాన్ని ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ నిర్ణయించిన ధరకు కొనవలసిందే. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా వచ్చిన ఆ కొండల ఖనిజమే దశాబ్దాలుగా విశాఖ రేవులో ఓడలెక్కి జపాన్‌కు చేరింది. రేవున్న నగరంలోనే ఉన్న కర్మాగారానికి మాత్రం ఆ కొండల్లో ఒక్క గనీ కేటాయించలేదు.

విస్తరణ కోసం తెచ్చిన అప్పులు, వాటి వడ్డీ సంస్థను కుంగదీసిన మాట నిజమే, అందులో యాజమాన్య లోపాలనూ కాదనలేము. అయితే కొందరు అన్నట్టు కార్మికుల అసమర్థతే నష్టానికి మూలమైతే, విక్రయ నిర్ణయం వెలువడిన తరువాతి ఆర్థిక సంవత్సరం 2021-22లో, ఉక్కు ధరలు అనుకూలించగానే, అదే కార్మికులతో అదే కర్మాగారం రూ.900 కోట్లకు పైగా లాభం ఎలా చూపగలిగిందో వారే చెప్పాలి. ధర పడితే నష్టం, పెరిగితే లాభం అన్న ఈ ఊగిసలాటలో గని ఉన్నవాడికి ఆసరా దొరుకుతుంది, లేనివాడికి దొరకదు.

2025 జనవరిలో ప్రకటించిన రూ.11,440 కోట్ల ప్యాకేజీ అప్పుల ఒత్తిడిని తగ్గించేదే, కాని అందులో గని లేదు. సెయిల్‌కు ఇచ్చినట్టే విశాఖకూ ఇనుప గని ఇచ్చి, ఆ తరువాతే దాని లాభనష్టాల మీద తీర్పు చెప్పాలి.