పైన సిలువ, లోపల 925

ఇందుకూరుపేటలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి అరచేయి తెరిచాడు. అందులో వెండి ఉంగరం. "అయ్యగారూ, వచ్చే నెల పెండ్లికి తెప్పించుకున్నాను. ప్రార్థన చేసి ఇవ్వండి" అన్నాడు. మగవారు పెట్టుకునే బరువైన ఉంగరమది. దాని మీద సిలువ గుర్తు. నాలుగు భుజాలూ చివరలకు పోను పోను వెడల్పవుతాయి. మధ్యయుగాల ఐరోపా యోధులు ధరించిన సిలువల తీరు అది. లోపలి వైపు చిన్న అక్షరాల్లో 925 అని ముద్ర. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలినది ఎక్కువగా రాగి అని దాని అర్థం. శుద్ధ వెండి మరీ మెత్తన కాబట్టి ఆ కాస్త కలుపుతారు. మేము ప్రార్థన చేసి ఉంగరం అతని చేతికిచ్చాము.

పెండ్లికి ముందు రోజు రాత్రి అదే చేయి కట్నం సంచి అందుకుంది. ఆడపిల్ల తండ్రి అరెకరా కయ్య అమ్మి తెచ్చిన డబ్బు అది. ఆ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. మాకూ తెలుసు. మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివిన నోటితో ఒక్క మాట అడగలేకపోయాము. మరునాడు ఆ వేలిని చూస్తూనే వివాహం జరిపించాము. ఈ వారం ఇది రాయడానికి కారణం ఆనాటి మా మౌనమే.

ఉంగరం పెట్టుకోవడం తప్పా అని కొందరు అడుగుతారు. నగల విషయంలో మన సంఘాలన్నిటిదీ ఒకే మాట కాదు. కొన్ని సంఘాల్లో బాప్తిస్మానికి ముందే నగలు తీసేయిస్తారు. అందుకు చూపించే వాక్యాలు (1 పేతురు 3:3, 1 తిమోతి 2:9) స్త్రీలకు వినిపించినంత గట్టిగా పురుషులకు వినిపించము. యాకోబు మాత్రం పురుషుని ఉంగరం సంగతే ఎత్తాడు. బంగారు ఉంగరంతో మందిరానికి వచ్చినవానికి మంచి చోటిచ్చి, పేదవాణ్ణి కింద కూర్చోబెట్టే సంఘాన్ని ఆయన నిలదీశాడు (యాకోబు 2:2-4). ఉంగరం కంటే ఆ పక్షపాతమే ఆయనకు బాధ కలిగించింది.

మరి ఆ సిలువ తీరు మాటేమిటి? 1095లో ఫ్రాన్సులోని క్లెర్మాంటులో పోపు రెండవ అర్బన్ పిలుపునిచ్చినప్పుడు, వేలాదిమంది గుడ్డ సిలువలు అంగీల మీద కుట్టించుకొని యెరూషలేముకు యుద్ధానికి బయలుదేరారు. 1099 జూలైలో నగరం వారి వశమైంది. అక్కడి ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోశారు. 1204లో అదే గుర్తు ధరించినవారు క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నారు. అంగీ మీద సిలువ, చేతిలో కత్తి! కత్తి వరలో పెట్టమని పేతురుతో చెప్పిన ప్రభువును (మత్తయి 26:52) వారు మరచిపోయారు.

వారికి తొమ్మిది వందల ఏండ్ల ముందే, సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో, ఐగుప్తులోని అలెగ్జాండ్రియాలో క్లెమెంటు అనే బోధకుడు విశ్వాసుల ఉంగరాల గురించి రాశాడు. పావురం, చేప, ఓడ, లంగరు వంటి గుర్తులు చెక్కించుకోవచ్చన్నాడు. సమాధానాన్ని వెంబడించేవారికి కత్తి, విల్లు గుర్తులు తగవన్నాడు. పురుషుడు ఉంగరాన్ని చిటికెన వేలి మొదట్లో పెట్టుకోవాలనీ, అప్పుడే చేయి పనికి వీలుగా ఉంటుందనీ సలహా ఇచ్చాడు. మైపాడు తీరంలో వల లాగే మన సహోదరులకు ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. ఉంగరం వేలికే గాని, చేయి పనికి. ఏ పనికి అన్నదే ప్రశ్న.

జవాబు కోసం దూర దేశాలకు పోనవసరం లేదు. మన నెల్లూరు తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువను చూడండి. 1876-78 నాటి మహా కరువులో, ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో చచ్చిపోతున్నవారికి పని, కూలి దొరికాయి. పని చేస్తూనే సువార్త విన్న జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన కరువు పనులు జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరికి వెలుపల ఉంచబడిన వాడలవారు.

డబ్బుకూ దేవుని కార్యానికీ ముడి పడకూడదని ఆకలిగొన్నవారిని సైతం ఆగమన్న తరం అది. కట్నం సంచి పట్టిన చేతికి ఆశీర్వాదం పలుకుతున్న తరం మనది. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడం నేరం, ఇవ్వడమూ నేరమే. అయినా బలిపీఠం ముందు దాని ప్రస్తావన తేము.

తప్పిపోయిన కుమారుని వేలికి తండ్రి ఉంగరం పెట్టించాడు (లూకా 15:22). ఆ కుమారుడు దాన్ని కొనలేదు, సంపాదించలేదు. ఉన్నదంతా పాడుచేసి ఒట్టి చేతులతో వచ్చాడు. ఉంగరం కృపగా దొరికింది. సిలువ కూడా అంతే; దేవుడు తన కుమారుణ్ణి మనకిచ్చిన గుర్తు అది. ఇచ్చిన గుర్తును వేలికి పెట్టుకొని అదే చేత్తో పిల్ల తండ్రి దగ్గర పుచ్చుకోవడం ఎలా కుదురుతుంది? 925 ముద్ర వెండిని పరీక్షించి వేస్తారు. పెండ్లికొడుకు చేతిని పరీక్షించవలసిన కాపరులం మేమే తలుపు వేసుకున్నాము. అందుకే ఇకపై ఇరు కుటుంబాలనూ కూర్చోబెట్టి కట్నం సంగతి అడిగిన తరువాతే పెండ్లి ప్రకటన చదవాలని నిర్ణయించుకున్నాము. కొందరు కోపగించుకొని వేరే మందిరానికి పోవచ్చు. పోనివ్వండి.

ఆ యువకుడు ఇది చదివితే ఒక మాట. తమ్ముడూ, గాలి సోకి వెండి నల్లబడితే గుడ్డతో తుడుస్తాము. చేతికంటిన నలుపు పోయే దారి జక్కయ్య చూపించాడు (లూకా 19:8). ఉంగరం తీయనక్కరలేదు, తీసుకున్నది తిరిగి ఇవ్వు. నీ మామగారి ఇంటికి నీతో కూడా మేమూ వస్తాము. మేమూ ఆయనకు క్షమాపణ చెప్పుకోవలసి ఉంది.