గొంతు ఎవరిది?

పోయిన సెమిస్టర్ మాక్ ఇంటర్వ్యూ అయ్యాక నా ఫీడ్‌బ్యాక్ షీట్ మీద ఒకే ఒక్క లైన్ ఉంది: మాతృభాష ప్రభావం ఎక్కువ. పది నిమిషాలు ప్రాజెక్ట్ గురించి చెబితే వాళ్లకి వినిపించింది యాస ఒక్కటేనన్నమాట. ఆ రాత్రి హాస్టల్‌లో నిద్రపట్టక ఒక పాత సినిమా పెట్టుకున్నా. 1971లో గ్రిగొరి కోజింత్సెవ్ తీసిన రష్యన్ 'కింగ్ లియర్'.

రాజు అంటే మనకి ఎస్వీ రంగారావు లాంటి నిండైన విగ్రహం గుర్తొస్తుంది. ఇక్కడ లియర్ బక్కపల్చటి చిన్న ముసలాయన. చెదిరిన తెల్లజుట్టు, పెద్ద పెద్ద కళ్లు. రాజ్యం పోయాక ఆ ముఖం కూతుళ్ల గుమ్మాల ముందు నిలబడ్డ ఏ తండ్రిదైనా కావచ్చు అనిపిస్తుంది. ఆ నటుడి పేరు యూరి యార్వెట్. 1919లో టాలిన్‌లో పుట్టిన ఎస్టోనియన్. మరుసటి ఏడాది వచ్చిన తర్కోవ్‌స్కీ 'సోలారిస్'లో డాక్టర్ స్నౌట్ కూడా ఈయనే.

తర్వాత చదివితే తెలిసింది, లియర్‌గా మనం వినే గొంతు యార్వెట్‌ది కాదని. ఆయన రష్యన్‌లో ఎస్టోనియన్ యాస బాగా వినిపించేది. అందుకని జినోవీ గెర్ట్ అనే నటుడితో డబ్బింగ్ చెప్పించారు. 'సోలారిస్'లోనూ ఆయనకి వేరేవాళ్ల గొంతే.

నాకు మొదట కోపం వచ్చింది. లియర్ బ్రిటన్ రాజు. ఆయన పాస్టర్నాక్ అనువాదంలో రష్యన్ మాట్లాడితే తప్పులేదు గానీ, ఆ రష్యన్‌లో ఎస్టోనియా వినిపిస్తే తప్పా? ఎవరి యాస అయినా ఆ రాజుకి అరువు యాసే కదా!

కాస్త ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. చక్కటి రష్యన్ మాట్లాడే నటులకి సోవియట్ యూనియన్‌లో కొదవేం లేదు. అయినా కోజింత్సెవ్ ఈ మనిషినే తీసుకున్నాడు. ముందు మనిషిని చూశాడు, గొంతు సంగతి తర్వాత చూసుకున్నాడు. మన దగ్గర వరస తిరగబడింది. ముందు యాస వింటాం, అది దాటితేనే మనిషి దాకా వెళ్తాం.

"అర్థమయ్యేలా మాట్లాడాలి కదరా" అంటారు. నిజమే. స్పష్టత వేరు, యాస వేరు. నేను గాబరాలో మాటలు మింగేస్తే అది దిద్దుకోవాల్సిన తప్పే. మా శ్రీకాకుళం వినిపించడం మాత్రం తప్పు కాదు.

సరే, ఇంటర్వ్యూ వాళ్లని తిట్టడం తేలికే. మరి మన సంగతో? ఫస్ట్ ఇయర్‌లో మన క్లబ్ నాటకం ఆడిషన్‌కి వస్తే, నేను నోరు తెరవగానే అందరూ నవ్వారు. కమెడియన్ వేషం ఇచ్చారు. సినిమాల్లో మా యాస ఎక్కువగా వినబడేది అక్కడే కాబట్టి నాకూ వింతగా అనిపించలేదు. పోయినేడు నేను సీనియర్ని అయ్యాక ఒక పాలమూరు కుర్రాడు హీరో వేషానికి వచ్చాడు. "కొంచెం నార్మల్‌గా చెప్పు తమ్ముడూ" అన్నది నేనే. వాడు మళ్లీ రాలేదు. ఆ ఫీడ్‌బ్యాక్ షీట్ రాసినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

ఎస్టోనియా జనాభా 13 లక్షల చిల్లర. అంత చిన్న భాషలో నాటకాలాడి ఎదిగిన మనిషి యార్వెట్. రంగస్థలం మీద డబ్బింగ్ కుదరదు. అక్కడ గొంతూ ఆయనదే, ముఖమూ ఆయనదే. సినిమాలో మనం చూసిన ఆ ముఖం తయారైంది ఆ స్టేజీ మీదే. 1975లో సోవియట్ ప్రభుత్వం ఆయనకి పీపుల్స్ ఆర్టిస్ట్ బిరుదు ఇచ్చింది. 1995లో, మళ్లీ స్వతంత్రమైన ఎస్టోనియాలో, పుట్టిన ఊరు టాలిన్‌లోనే కన్నుమూశాడు.

2011 లెక్కల ప్రకారమే మన దేశంలో తెలుగువాళ్లం 8 కోట్ల పైమాట. ఇంతమందిలో ఒక రాజు పాలమూరు యాసలో ఏడవకూడదా? ఒక ప్రేమికుడు శ్రీకాకుళం యాసలో అలగకూడదా?

వచ్చే నెల మన నాటకం ఆడిషన్స్ ఉన్నాయి. ఈసారి ఎవరినీ "నార్మల్‌గా చెప్పు" అనొద్దని క్లబ్‌ని అడుగుతున్నా. ఆ తమ్ముడి రూమ్‌కి మాత్రం నేనే వెళ్లి పిలుస్తా. ముందు సారీ చెప్పాలి, అదీ నా యాసలోనే.