యజమాని ధర్మం ఎక్కడ?

మాదాపూరు, గచ్చిబౌలి కంపెనీ కార్యాలయాలలోకి బుద్ధుడు ప్రవేశించాడు. 'మైండ్‌ఫుల్‌నెస్' పేరిట జరిగే ధ్యానశిక్షణను వ్యాపారానికి బౌద్ధసూత్రాల అన్వయమంటున్నారు. శ్వాసను గమనించు, ఆందోళనను అణచుకో, ఏకాగ్రతతో పనిచెయ్యి: సారాంశం ఇంతే. ఇది బౌద్ధమేనా?

బుద్ధుడు వర్తకానికి విరోధి కాడు. ఆయన మొదటి ఉపాసకులుగా చెప్పబడే తపుస్స, భల్లికులు వర్తకులే. మన అమరావతి శాసనాలలోని దాతలలో వర్తకులున్నారు, విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. కనుక బౌద్ధాన్ని వ్యాపారంలోకి తెచ్చారన్నది మన అభ్యంతరం కాదు. సగమే తెచ్చారు, ఆ సగమూ ఎవరికి లాభమో చూసుకొని తెచ్చారు.

దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం గృహస్థునికి చెప్పిన ధర్మం. పనివారి పట్ల యజమాని విధులు అందులో ఐదు: శక్తికి తగిన పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బుపడితే చూసుకోవడం, మంచి రుచులు దొరికినప్పుడు పంచుకోవడం, వేళకు సెలవివ్వడం. పనివాడు యజమాని కంటె ముందు లేచి, తరువాత పడుకోవాలని కూడా అందులోనే ఉన్నది. అది సమసమాజ ప్రణాళిక కాదు. కాని బాధ్యత ఇరువైపులా ఉన్నది. నేటి శిక్షణలో అది ఒకవైపే మిగిలింది.

ఆ ఐదింటితో సైబరాబాదును కొలవండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు ఉమ్మడి రాష్ట్రంలోనూ, తరువాత తెలంగాణలోనూ ప్రభుత్వాలు మినహాయింపులిస్తూ వచ్చాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటల పరిమితి ఉన్నదిగదా అంటారు. అది దాటితే ఓవర్‌టైము ఉన్నది! వేళకు సెలవివ్వమన్న ధర్మానికి చట్టంలోనే చోటు కరువవుతుంటే, శ్వాసను గమనించడానికి మాత్రం గంట కేటాయిస్తున్నారు.

దుఃఖానికి మూలం తృష్ణ అన్నాడు బుద్ధుడు. ఎవరి తృష్ణ? తరగతిలో కూర్చున్న ఉద్యోగి తృష్ణ ఒక్కటే విచారణకు వస్తున్నది. మూడు నెలలకొకసారి లాభం పెరిగి తీరాలన్న వాటాదారు తృష్ణను అడిగేవారు లేరు. ఈ కార్పొరేట్ ధ్యానానికి పేరు తెచ్చిన శిక్షణ 2007లో గూగుల్‌లో మొదలైంది. ఆ గూగులే 2023 జనవరిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12,000 ఉద్యోగాలకు కోత ప్రకటించింది. ధ్యానం కోతను ఆపలేదు. ఆపడం దాని పనిగా ఎవరూ అనుకోనూ లేదు.

ధ్యానం వల్ల ఊరట లేదా అని కొందరడుగుతారు. ఉండవచ్చు. కాని పనిభారం వల్ల కలిగిన బాధను మనస్సులోని లోపంగా చూపితే, యజమానిని అడగవలసిన ప్రశ్నను ఉద్యోగి తనకు తానే వేసుకుంటాడు. పక్క బల్లవాడితో కలిసి అడగవలసినది ఒంటరిగా కళ్లు మూసుకొని మింగుతాడు.

1956లో నాగపూరులో బౌద్ధం స్వీకరించిన అంబేద్కరు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. ఫ్యాక్టరీలలో వారపు పనిని 54 గంటల నుంచి 48కి తగ్గించిన 1946 సవరణ ఆ కాలపు కృషి ఫలమే. పనిగంటలను తగ్గించడం తెలిసినవాడే ధమ్మాన్ని ఎంచుకొన్నాడు.

కంపెనీలు బౌద్ధాన్ని పాటించదలిస్తే అభ్యంతరమెందుకు? మొదటి తరగతి డైరెక్టర్ల బోర్డుకు పెట్టండి. ఐదు విధులూ చదివించండి. పనిగంటలకు హద్దు, జబ్బుకు భద్రత, సంఘం పెట్టుకొనే హక్కు కాగితం మీద రాసివ్వండి. ఆ తరువాత శ్వాస సంగతి మాట్లాడుకుందాం.