మెషినుకూ పరీక్ష కావాలి



"రక్తం ఇచ్చి గంటయింది, రిపోర్టు ఇంకా రాలేదేమండీ?" అని అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుండి వచ్చినవారు ల్యాబు దగ్గర అడుగుతుంటారు. "మెషిను సరిచూస్తున్నామండి" అంటే కొందరికి విసుగు. ఆ ఆలస్యం దండగ కాదని మా అభిప్రాయం.

సోడియం, పొటాషియం, క్లోరైడు కొలిచే మెషినులో ఒక్కోదానికి ఒక్కో ఎలక్ట్రోడు ఉంటుంది. రక్తం తగిలినప్పుడు అందులో పుట్టే కొద్దిపాటి వోల్టేజీని బట్టి మెషిను లెక్క చెబుతుంది. వాడగా వాడగా ఎలక్ట్రోడు పొర మీద మాంసకృత్తులు పేరుకుంటాయి, లోపలి ద్రావణం తగ్గుతుంది. అంకె మెల్లగా పక్కకు జరుగుతుంది. మెషిను మాత్రం ఆగదు, తప్పు అంకెనే అచ్చువేసి ఇస్తుంది.

పొటాషియం సాధారణంగా 3.5 నుండి 5 వరకు ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదముంది. 6కూ 5కూ మధ్య ఎలక్ట్రోడులో తేడా సుమారు 5 మిల్లీవోల్టులే! మన కోనసీమలో కొబ్బరిబొండానికి కొదవ లేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవారికి 6 ఉంటే, మెషిను 5 అని చూపితే, ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే పొటాషియం ఎంతుందో ముందే తెలిసిన రెండు ద్రావణాలు పెట్టి మెషిను లెక్కను సవరిస్తారు. ఒకదానితో అంకె ఎంత జరిగిందో తెలుస్తుంది. ఎలక్ట్రోడు చురుకు తగ్గిందా అన్నది రెండోది ఉంటేనే తెలుస్తుంది. ఒక్కో ఎలక్ట్రోడు ఒక్కో తీరుగా జరుగుతుంది కనుక దేనికది సవరించాలి. ఆపైన కంట్రోలు సీరంతో సరిచూడాలి. చురుకు మరీ తగ్గిన ఎలక్ట్రోడును మార్చవలసిందే.

మన పని మనమే చూసుకుంటే చాలదు. వేలూరు సి.ఎం.సి. వారు నడిపే బయటి నాణ్యతా పరీక్షలో ల్యాబులు చేరితే, వారు పంపిన నమూనాకు మన అంకె ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది.

ఖర్చు మిగులుతుందని ద్రావణాల దగ్గర పొదుపు చేయడం తప్పని మా ఉద్దేశం. ఏ ల్యాబయినా, మాదయినా సరే, ఆనాటి కంట్రోలు ఫలితాన్ని గోడమీద రాసి పెట్టాలి. "ఈ రోజు కంట్రోలు పెట్టారా అండీ?" అని మీరు అడగండి. మేము నొచ్చుకోము. రిపోర్టు మీద అనుమానముంటే సొంతంగా మందులు మానకండి. డాక్టరుగారితో చెప్పి మరోసారి పరీక్ష చేయించుకోండి.