కారుకు సింగారం – హామీకి భంగం

అలంకారప్రీతి మానవునికి సహజం. ఎడ్లబండ్ల కాలంలో మన పెద్దలు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి మురిసిపోయారు. ఆ తరువాత రిక్షాల వెనుక రేకుల మీద నెమళ్లను, పూలతీగలను చిత్రించిన కళాకారులు మన పట్టణాల వీధులకు ఒక శోభ తెచ్చారు. నేడు ఆ ముచ్చట కార్ల వంతు అయినది. కొత్త కారు ఇంటి ముందు నిలిచిన వారం దినాలలోనే దానికి వెడల్పాటి చక్రాలు, కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు, గుండెలదిరే సంగీత యంత్రాలు, ఉరిమే సైలెన్సర్ వచ్చి చేరుతున్నవి. గంటలు కట్టినందువల్ల ఎద్దు నడక చెడలేదు, సంతలో దాని వెల తగ్గలేదు. కారు సంగతి మాత్రం అట్లా కాదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది క్లుప్తంగా ఇది. కారులో బయట చేయించుకొనే ప్రతి మార్పుకూ మూడు వెలలున్నవి. మొదటిది దుకాణంలో చెల్లించే వెల. రెండవది కంపెనీ ఇచ్చిన హామీ, అనగా వారంటీ రూపంలో కోల్పోయే వెల. మూడవది కారును అమ్మేనాడు, లేదా దానిని ఇచ్చి కొత్తది తీసుకొనేనాడు తెగ్గోసుకొనే వెల. మొదటి వెల ఒక్కటే మన కంటికి కనబడుతుంది. తక్కిన రెండూ తరువాత, మనం సిద్ధంగా లేని వేళ తలుపు తడుతాయి. అయితే మార్పు జరిగిందన్న ఒక్క నెపంతో హామీని సమూలంగా తోసివేసే ధోరణి కూడ న్యాయం కాదని మా దృఢాభిప్రాయం.

కళాశాల వార్షిక సంచికలో కార్ల ప్రసంగం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. మా సహాధ్యాయులలో పలువురి తండ్రులు, అన్నలు డ్రైవర్లు, మెకానిక్కులు, సీట్లు కుట్టేవారు, డెంటింగు పెయింటింగు పనివారు. వారిలో కారు గల ఇండ్లలో అది విలాస వస్తువు కాదు. బ్యాంకు అప్పుతో కొన్న జీవనాధారం. ఆడపిల్ల పెళ్లికో, పిల్లల చదువుకో అవసరం వచ్చినప్పుడు అమ్ముకొని గట్టెక్కగల ఆస్తి కూడ అదే. కావున దాని విలువను గూర్చి తెలుసుకొనుట మాకు అప్రస్తుతం కాదు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగిన సంగతి చెబుతాము. మా మిత్రుని అన్నగారు అప్పు చేసి కొత్త కారు కొని ట్యాక్సీగా నడుపుతున్నారు. రాత్రి ప్రయాణాలలో వెలుగు చాలడం లేదని ఒక షెడ్డుకు వెళ్లారు. “ఉస్తాద్, లైటు దూరం కొట్టాలె” అన్నారు. “అరే భాయ్, అరగంట పని. వంద వాట్ల బల్బులు వేస్తా, రాత్రి పగలైపోతుంది” అన్నాడు ఉస్తాద్. రాత్రి పగలైన మాట నిజమే. కొన్ని నెలలకు ఒక వానకాలపు రాత్రి దీపాలు రెండూ ఆరిపోయినవి. లోపల తీగల తొడుగు కరిగి ఒకదానికొకటి అంటుకొని, స్విచ్చి మాడిపోయింది. హామీ గడువు ఇంకా ఉన్నది గదా అని షోరూముకు తీసుకొనిపోతే, “బయట పని జరిగింది, హామీ చెల్లదు” అన్నారు. అంతటితో ఆగక, అదే సమయంలో శబ్దం చేస్తున్న స్టీరింగు భాగాన్ని కూడ ఉచితంగా మార్చుటకు నిరాకరించారు. పక్షం రోజులు కారు నిలిచిపోయింది. అప్పు వాయిదా మాత్రం నిలువలేదు.

ఈ ఒక్క సంఘటనలో తప్పు ఇరువైపులా ఉన్నది. మొదట మన వైపు తప్పును పరిశీలిద్దాము.

సాధారణ హాలోజన్ బల్బు 60/55 వాట్లది. 12 వోల్టుల మీద 60 వాట్లకు 5 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. 100 వాట్ల బల్బు వేస్తే అది 8 ఆంపియర్లు దాటుతుంది. తీగ, స్విచ్చి మాత్రం పాతవే. ప్రవాహం పెరిగిన కొద్దీ తీగలో పుట్టే వేడి దాని వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్ర తరగతిలో మనమందరం చదివినదే. అనగా ఆ తీగలో వేడి రెండున్నర రెట్లు దాటింది. రిలే పెట్టి, బ్యాటరీ నుండి వేరుగా లావు తీగ లాగి ఉంటే ఆ తీగ కరిగేది కాదు. పరీక్షలో వ్రాసి మరచిన సూత్రం రహదారి మీద చీకటిలో గుర్తుకు వచ్చింది!

పాత అంబాసిడర్ కారు రోజులు వేరు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారులో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించుకొన్నవారు ఎందరో. అందులో ప్రతి భాగమూ దాదాపు స్వతంత్రం. ఒకటి మార్చితే మరొకటి అలగదు. నేటి కారు ఒక ఉమ్మడి కుటుంబం వంటిది. ఇంజను, బ్రేకులు, గాలి సంచులు, మీటర్లు అన్నీ చిన్న చిన్న కంప్యూటర్ల ద్వారా పరస్పరం మాట్లాడుకొంటూ ఉంటాయి. చక్రం వ్యాసం పెరిగితే మీటరు చూపే వేగానికి, అసలు వేగానికి పొత్తు కుదరదు. బేరింగుల మీద, సస్పెన్షన్ మీద భారం పెరుగుతుంది. సీటు పక్కన గాలి సంచి ఉన్న కారుకు మందపు తొడుగు బిగించి కుట్టిస్తే, ప్రమాద సమయంలో ఆ సంచి సరిగా విచ్చుకొనకపోవచ్చు. ముందు భాగంలో ఇనుప గార్డు బిగిస్తే ఢీకొన్న దెబ్బను క్రమంగా నలిగి పీల్చుకొనవలసిన ముందు భాగం తన పని తాను చేయలేదు. ఎదుటి పాదచారికి గాయం అధికమౌతుంది. కావుననే 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇట్టి గార్డులపై చర్య తీసుకొనవలసిందిగా రాష్ట్రాలకు వ్రాసింది. ఇంజను కంప్యూటరులోని లెక్కలను మార్చి వేగం పెంచే పని మరింత ప్రమాదకరం. ఇంజనులో, గేరుబాక్సులో ఏ చిన్న లోపం వచ్చినా, “మీ మార్పు వల్లనే” అని కంపెనీ అనుటకు మనమే సాక్ష్యం చేతికిచ్చినట్లవుతుంది.

ఇక కంపెనీల వైపు చూద్దాము. హామీ అనగా ఏమి? తయారీలో గాని, వాడిన లోహంలో గాని లోపం ఉంటే నిర్ణీత కాలం లేదా నిర్ణీత కిలోమీటర్ల వరకు ఉచితంగా సరిచేస్తామన్న వాగ్దానం. దాని వెల కారు ధరలోనే కలిసి ఉన్నది; అది దానం కాదు. దీపాల తీగ మన మార్పు వల్ల కాలితే దాని ఖర్చు మనదే. కాని దీపాలకూ స్టీరింగుకూ సంబంధమేమి? ఇక్కడనే న్యాయం తప్పింది.

ఈ విషయంలో దేశం ఎరుగవలసిన ఒక ఉత్తర్వు ఉన్నది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై మొత్తం 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను బయట దొరకనీయక, బయటి మెకానిక్కులను పోటీకి రానీయక అడ్డుకొన్నారన్నది అభియోగం. జరిమానాపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లినవి. ఆ ఉత్తర్వులోని ఒక సూత్రం మాత్రం మనసుకు పట్టించుకొనదగినది. బయటి మెకానిక్కు చేయి పడిందన్న కారణంతోనే హామీని మొత్తంగా రద్దు చేసే షరతు పెట్టరాదు. ఆ పని లోపం వల్ల ఎంత నష్టం కలిగిందో అంతవరకే హామీని నిరాకరించవచ్చు. ఆ మాటలు మరమ్మతులను ఉద్దేశించినవే అయినా, వాటిలోని న్యాయం మార్పులకు కూడ వర్తించవలెనని మా వాదన. అమెరికాలో 1975 నాటి చట్టం కూడ, తమ ఛాపు గల విడిభాగాన్నే వాడితీరవలెనని హామీకి ముడి పెట్టడాన్ని సామాన్యంగా నిషేధించింది. కారణానికీ నష్టానికీ సంబంధం చూపనిదే శిక్ష లేదన్నది ఏ దేశంలోనైనా న్యాయమే గదా!

అన్యాయం జరిగినదని తోచినవారు ఊరకుండవలసిన పనిలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషన్‌లో రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడ లేదు. అయితే అదే చట్టం మరొక మాట కూడ చెబుతున్నది: వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా, దాని వల్ల కలిగిన హానికి అమ్మినవానిపై బాధ్యత దావా నిలువదు. కనుక మార్పు చేయించినవాడు సగం బలంతోనే న్యాయస్థానం మెట్లెక్కుతాడు.

మోటారు వాహనాల చట్టం ఇంకను కఠినం. 1988 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న, ఆర్.సి.లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరం జరిగిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది. అయితే చట్టానికి హృదయం లేదనరాదు. శారీరక వైకల్యం గలవారు తమకు అనువుగా వాహనాన్ని మార్చుకొనుటకు, సి.ఎన్.జి. వంటి ఇంధనానికి ఆమోదం పొందిన కిట్టు బిగించుకొనుటకు అది నియమబద్ధంగా దారి చూపినది. అవసరానికి అనుమతి ఉన్నది, ఆడంబరానికే అడ్డు.

ఇక మూడవ వెల. పాత కారును ఇచ్చి కొత్తది తీసుకొనుటకు వెళ్లినప్పుడు విలువ కట్టేవాడు మన ముచ్చటను చూడడు. బోనెట్ బోల్టుల మీద పానా గుర్తులు, టేపు చుట్టిన తీగలు, తలుపు అంచున తేడాగా ఉన్న రంగు, ఆర్.సి.లో ఒక రంగు, ఎదుట మరొక రంగు – ఇవే అతని కంటికి ఆనుతాయి. మనం పెట్టిన ఖర్చును అతడు కలుపడు; తిరిగి మొదటి రూపానికి తెచ్చుటకు అయ్యే ఖర్చును మాత్రం తీసివేస్తాడు. దానిపైన అనుమానం పేర మరికొంత కోస్తాడు. “కుర్రవాళ్ల చేతిలో నడిచిన బండి” అన్న ఒక్క మాట చాలు, బేరం కుంగిపోవుటకు. వివరాలు ఆర్.సి.తో సరిపోనప్పుడు 29, 30 నమూనా పత్రాలు నింపి పేరు మార్పించుకొనుటలో కూడ చిక్కు రావచ్చును. ఒకరి అభిరుచి మరొకరికి వెల కాదు. ఇది వ్యాపార ధర్మం.

మా మిత్రుని అన్నగారు చివరకు ఆ కారును అమ్మవలసి వచ్చినప్పుడు బేరగాడు మొదట వేలు చూపినది ఆ మాడిన తీగల చోటునే. వారికి తగ్గిన సొమ్ముతో అటువంటి బల్బుల జతలు ఎన్నో కొనవచ్చును!

ఇంతమాత్రాన మన వీధిలోని ఉస్తాదులను నిందించుట మా ఉద్దేశం కాదు. ఏ కళాశాలా చూడక, చిన్ననాడే షాగిర్దుగా చేరి, ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల నిపుణులు వారు. వారి చేతిలో విద్య ఉన్నది. కొత్త కార్ల విద్యుత్ వ్యవస్థను గూర్చిన శాస్త్రం, రసీదు వ్రాసి ఇచ్చే అలవాటు వారికి అందలేదు. అది వారి తప్పు కాదు, వారికి నేర్పనివారి తప్పు.

కావున విద్యార్థి సోదరులకు మా మనవి: మార్పు చేయించుటకు ముందు హామీ పుస్తకాన్ని ఒకసారి చదవండి. అది మీ ఇంట ఇంగ్లీషు చదువగలవారు మీరే గనుక, తండ్రికి, అన్నకు చదివి వినిపించండి. షోరూం వారి సమ్మతిని కాగితం మీద తీసుకొనండి. నోటి మాట నిలువదు. తీసిన అసలు భాగాన్ని పారవేయక భద్రపరచండి. పనికి రసీదు అడుగండి. బిగించిన వస్తువును బీమా కంపెనీకి తెలుపండి. తీగను కోయవలసి వస్తే ఆ పనిని మానుకొనండి.

కళాశాల కమిటీ పెద్దలకు మరొక విన్నపం: మన భౌతికశాస్త్ర ప్రయోగశాల సాయంకాలం అయిదు గంటలకు మూతపడుతున్నది. వారానికి ఒక సాయంత్రం దానిని తెరచి, పట్టణంలోని ఉస్తాదులను, వారి షాగిర్దులను సగౌరవంగా పిలిచి, ఉర్దూ, తెలుగు భాషలలో వాహన విద్యుత్తును గూర్చి, చట్టాన్ని గూర్చి పాఠాలు చెప్పించండి. ఆ తరగతులలో మేము చెప్పేవారమూ అవుతాము, వారి వద్ద నేర్చుకొనేవారమూ అవుతాము. చదివినవాని సూత్రమూ, పనివాని చేయీ కలిసిననాడు ఏ డ్రైవరన్న బండీ నడిరాత్రి చీకటిలో నిలిచిపోదని మా విశ్వాసం.