కోళ్లను విడువవలెనా, మూయవలెనా?

గత సంవత్సరము మన ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక, పరీక్ష రుసుము కట్టు గడువు దాటిపోవుచున్నను పైకము తేకుండెను. కారణ మేమని యడుగగా తల వంచుకొని, “కోళ్లు పోయినవి సార్” అని మెల్లగా చెప్పెను. తరగతిలో కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఏలయనగా ఆ కోళ్లు పోవుటలో నా పాలు కొంత కలదు. ఆ సంగతి దాచక చెప్పి, దానిపై నా యభిప్రాయమును చదువరుల ముందుంచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ బాలిక తల్లి అంబర్‌పేట్‌లో మూసీ వైపునకు దిగు ఒక బస్తీలో కాపుర మున్నది. ఆమెకు పది పెట్టలును ఒక పుంజును ఉండెను. తెల్లవారుజామున గంప యెత్తి వానిని విడుచును. దీపాలవేళకు అవియే తిరిగి వచ్చును. నాటు గుడ్డునకు ఫారము గుడ్డుకంటె వెల హెచ్చు గదా. ఆ గుడ్ల పైకమును ఇంటి ఖర్చులో కలుపక, కుమార్తె చదువు నిమిత్తము ఒక రేకు డబ్బాలో వేయుచుండెను. అయితే ప్రక్కయింటివారు ఎండబెట్టిన వడియములను కోళ్లు త్రొక్కినవనియు, కుండీలోని కొత్తిమీరను పెరికినవనియు దినమును తగవులే. తుదకు ఒక నాటి వేకువను వీధికుక్కలు నాలుగు పెట్టలను ఎత్తుకొనిపోయెను. అప్పుడామె నాయొద్దకు వచ్చి, ఏమి చేయుమందురని యడిగెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పశుపక్ష్యాదులను ఇంటికి దూరముగ మూసి పెంచవలెనని మాకు బోధించియుండిరి. ఆ పాఠమునే ఆమెకు ఒప్పజెప్పితిని. “జాలీతో గూడు కట్టించి లోపలనే పెట్టుడమ్మా, కుక్కల బాధయు తగవుల బాధయు తీరును” అంటిని. గూడు ఎంత యుండవలెనో చెప్పలేదు. ఆమె మెట్లక్రింద మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల చోట మిగిలిన ఏడింటిని మూసెను. మేత మాత్రము పూర్వమువలెనే: ఉదయము పిడికెడు నూకలు, రాత్రి మిగిలిన యన్నము. మూడు వారములకు గ్రుడ్లు నిలిచిపోయెను. ఒక దాని తోక ఈకలను మరియొకటి పెరికివేయ నారంభించెను. ఆమె వచ్చి చెప్పిన మాట నేటికిని నా చెవిలో నున్నది: “సారూ, మీరు చెప్పినట్టే చేసిన. ఇప్పుడు కుక్కలు తింటలేవు, అవ్వే ఒకదాన్నొకటి తింటున్నయ్.” తరువాత కొక్కెర తెగులు వచ్చి, వారము తిరుగకముందే గూడు ఖాళీ యయ్యెను. ఆ యేటి పరీక్ష రుసుము, ఆలస్యపు రుసుముతో సహా, నేనే కట్టితిని. దానిని దానమని ఎవరును అనరాదు. అది అప్పు తీర్చుట.

నేను చేసిన పొరపాటేమి? విడిచిన కోడి దినమెల్ల ఏమి చేయునో నేను ఎన్నడును గమనించి చూడకపోవుటయే. అది కాలితో నేలను గీరి పురుగులను, చెదలను, గడ్డి గింజలను ఏరుకొనును. పచ్చియాకును కొరుకును. ఇసుక పలుకులను మ్రింగి వానితో కడుపులో గింజలను నూరుకొనును. మిట్టమధ్యాహ్నమున ఎండు మంటిలో పొర్లి ఈకలలోని పేలను దులుపుకొనును. గ్రుడ్డు పెంకు దాదాపు అంతయు సున్నపు పదార్థమే. దానికి కావలసిన సున్నమును గూడ ఆ తిరుగుటలోనే కొంత సంపాదించుకొనును. మనము వేయు పిడికెడు నూకలు దాని భోజనములో ఒక వంతు మాత్రమే. మిగిలినది తన కాళ్లతో తాను సంపాదించుకొనునది. తలుపు మూసిన నాడు ఆ సంపాదన యంతయు నిలిచిపోవును. ఇక మాంసకృత్తులు, ఆకుకూర, ఆల్చిప్పల పొడి, బూడిద కలిపిన మన్ను, నీరు, నీడ, తీరుబడి లేకుండ చేయదగిన పని, ఇవన్నియు మూసినవారే సమకూర్పవలెను. గీరుటకు నేల లేని కోడి ప్రక్కకోడి యీకలను పొడుచును. అది దుర్గుణము కాదు, పని లేక పుట్టిన పని.

ఇది విని కొందరు “అట్లయిన విడిచిపెట్టుటయే న్యాయము గదా” అందురు. మన ప్రక్కనే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నెమళ్లు స్వేచ్ఛగా తిరుగుట లేదా యని ఒక మిత్రుడు నన్నడిగెను. తిరుగుచున్నవి. అయితే వానికి చెట్లున్నవి, పొదలున్నవి, రాత్రివేళ ఎగిరి కూర్చుండుటకు ఎత్తయిన కొమ్మలున్నవి. మన బస్తీ కోడికి ఉన్నవి గల్లీ, మోరీ, ఆటోల చక్రములు. తార్నాక యను పేరే తీగకంచెయు కాపలా నాకాయు కలిసి వచ్చినదని చెప్పుదురు. తోటకు కంచె కావలసి వచ్చిన యీ తావున కోడికి కంచె వలదనుట నాకు వింతగా దోచుచున్నది.

వీధికుక్కల మాట తేలికగా తీసికొనదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో ఈ అంబర్‌పేట్‌లోనే నాలుగేండ్ల బాలుడు కుక్కల గుంపునకు బలియైన సంగతి మనలో ఎవరును మరువలేదు. గల్లీలో సులభముగ దొరకు ఆహారమేదైనను, అది కోడియైనను, కోళ్ల దుకాణము బయట పారవేసిన ప్రేగులైనను, కుక్కలను అచ్చటికి అలవాటు చేయును. నా కోడి స్వేచ్ఛకు ప్రక్కయింటి బిడ్డ వెల చెల్లింపరాదు.

వ్యాధుల మాట యొకటి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో పక్షి జ్వరము బయలుదేరి, వేలకొలది కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చెను. అడవి నీటిపక్షులు ఆ వ్యాధిని మోసికొని వచ్చును గనుక, ఇంగ్లాండులో 2021 నవంబరు చివర మొదలు 2022 మే ఆరంభము వరకు పెరటి కోళ్లను సైతము లోపలనే యుంచవలెనని ప్రభుత్వము శాసించెను. మూసీ తీరమున కొంగలు వ్రాలు చోటికి సమీపమున నుండు మనము ఈ విషయమును తలచుకొనుట మంచిది.

కాబట్టి నా యభిప్రాయము: పొలముల నడుమ పల్లెలో పగలు విడుచుట తగును, పట్టణపు బస్తీలో తగదు. ఇచ్చట మూయవలసినదే. అయితే మూసిన చోటు పెరడు కావలెను గాని పెట్టె కారాదు. కోడి యొక్కింటికి గూటిలో నాలుగు చదరపుటడుగులు, దాని ముందు జాలీ కట్టిన మన్నునేల ఎనిమిది పది చదరపుటడుగులు నుండవలెను. చోటు లేనియెడల గూడు కుదించుట కాదు, కోళ్లను తగ్గించుట. నా సలహాలో లోపించిన లెక్క యిదే. ఏడు కోళ్లకు ఆమె యిచ్చినది ఆరు చదరపుటడుగులు. అచ్చట ఒక్కటి సుఖముగ నుండియుండును.

కొక్కెర తెగులునకు మందు లేదు, టీకా కలదు. మొదటి వారములో లసోటా చుక్క, నెల నాటికి మరల నొకటి, ఎనిమిది వారములకు సూది. దీనికగు వ్యయము మిక్కిలి స్వల్పము. నేనామెకు గూడు చెప్పితిని గాని టీకా చెప్పలేదు. కిక్కిరిసిన గూటిలో తెగులు నిప్పువలె ప్రాకును.

పెద్ద ఫారముల పంజరములను గూర్చి ఎక్కువ వ్రాయను. అవి లేనిదే గ్రుడ్డు ఇంత చౌకగా మన పిల్లల విస్తరిలోనికి వచ్చెడిది కాదు. అయినను ఐరోపా సమాజము, కోడి రెక్క చాచుటకు వీలులేని వట్టి పంజరములను 2012 జనవరి 1 నుండి నిషేధించినది. ఇంగ్లాండులో బ్రాంబెల్ సంఘము 1965లోనే, ప్రాణికి లేచుటకు, పండుకొనుటకు, తిరుగుటకు, ఒడలు సవరించుకొనుటకు, అవయవములు చాచుటకు చోటుండవలెనని చెప్పినది. మెట్లక్రింది గూటిలో ఈ యైదింటిలో ఎన్ని యుండెనో నేను లెక్కపెట్టదలచుకొనలేదు.

“పేదవారికి అంత నేల యెక్కడిది?” అని యడుగువారి ప్రశ్నకు నాయొద్ద సంపూర్ణమైన జవాబు లేదు. మూడు కోళ్లే పెంచుమనగా ఆదాయము తగ్గును. దానికి కొంత యుపాయము జాతిని మార్చుట. దేశవాళి పెట్ట ఏటికి అరువది గ్రుడ్లకు మించి పెట్టుట అరుదు. మన హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన గ్రామప్రియ అంతకు రెట్టింపునకు పైగా పెట్టును. అయితే అది పొదగదు, పిల్లలను కొనవలసినదే.

ఆ తల్లి యిప్పుడు నాలుగు గ్రామప్రియ పెట్టలను ఇంటి వెనుక వేపచెట్టు క్రింద పెంచుచున్నది. క్రొత్త గూటి కొలతలకు ఈమారు నేనే టేపు పట్టితిని. మొన్న అటు వెళ్లినప్పుడు, సాయంకాలము జాలీ తలుపు తెరచియుండెను. కోళ్లు గోడప్రక్క గడ్డిలో గీరుచుండెను. “వలదంటిని గదా అమ్మా” అంటిని. ఆమె చేతిలో బియ్యపు చేట, ప్రక్కన ఒక కర్ర. “నేను కూసున్న కద సారూ” అని బియ్యము ఏరుకొనుచుండెను. నేను మరి మాటాడక, ఆమె వేసిన పీటపై కూర్చుంటిని.