ఎండిన పూలకూ టిక్కెట్టు పెట్టండి

లండన్ టవర్ కోట కందకంలో నీళ్లు 1840ల్లోనే తోడేశారు. ఆ పొడి కందకంలో 2014లో పింగాణీ పాపీ పూలు గుచ్చారు, మొత్తం 8,88,246. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచీ, దాని వలస రాజ్యాల నుంచీ వెళ్లి చనిపోయిన ఒక్కొక్క సైనికుడికీ ఒక్కో పువ్వు. లెక్క కుదిరింది, పని ముగిసింది, పూలు అమ్మేశారు.

అదే కందకంలో 2022 వసంతంలో, రాణి ఎలిజబెత్ గద్దెనెక్కి 70 ఏళ్లయిందని, రెండు కోట్ల విత్తనాలు చల్లారు. ‘సూపర్‌బ్లూమ్’ అన్నారు. నన్నడిగితే ఇదే పెద్ద కళ. చేసినవాళ్ల మాట పూర్తిగా వినదు కాబట్టి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక రంగు వెనక ఇంకో రంగు వచ్చేలా షెఫీల్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నైజెల్ డనెట్ విత్తులు కలిపాడు. ఆ జూలైలోనే, చరిత్రలో తొలిసారి, ఇంగ్లండ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటింది. ఎండ ఎవరి ప్రణాళికా చదివి రాదు కదా!

అసలు పాపీ (మన గసగసాలకు దాయాది) పొలాల్లో కలుపు మొక్క. నేల కదిలితేనే మొలుస్తుంది. ఫిరంగులు తవ్విపోసిన యుద్ధభూముల్లో అది విరగబూసింది అందుకే.

సూపర్‌బ్లూమ్‌లో ఎక్కువ భాగం ఒక్క ఏడాది బతికే మొక్కలే. తరతరాల పూలబయలు సంగతి వేరు. దానికి ఎరువు శత్రువు: నేల బలిస్తే గడ్డి ఏపుగా లేచి పూలను మింగేస్తుంది. అందుకే విత్తు రాలాక, వేసవి చివర కోసి, కోసిన గడ్డిని అక్కడ ఒక్క పరక మిగలకుండా ఎత్తేస్తారు. ఎల్లో రాటిల్ అనే మొక్క గడ్డి వేళ్లను పీల్చి బతుకుతుంది. రైతుకు అది పీడ, పూలకు కాపలా. దుక్కులకూ ఎరువులకూ ఇంగ్లండ్, వేల్స్‌లలో 1930ల నుంచి ఇలాంటి బయళ్లు 97 శాతం పోయాయి.

మన నగరాల్లో పెద్దలొస్తున్నారంటే డివైడర్ల మీద బంతిపూల కుండీలు రాత్రికి రాత్రే దిగుతాయి, వాడకముందే లారీ ఎక్కుతాయి. న్యూయార్క్‌లోని హై లైన్ పార్కులో మాత్రం డచ్చి తోటమాలి పీట్ ఔడాల్ఫ్ వేసిన మొక్కలకు మార్చి వచ్చేదాకా కత్తెర పడదు. చలికాలమంతా ఆ ఎండు కంకుల మధ్యనే జనం నడుస్తారు. పూల ప్రదర్శనలు పెట్టేవాళ్లు కూడా సెప్టెంబరుతో గేటు మూసేయకూడదు. అక్టోబరులో సగం ధరకు టిక్కెట్టు ఇచ్చినా నష్టం లేదు, గింజలు తినే పిట్టలు వచ్చేది అప్పుడే.